మల్కోవాల్ సీసా
(ప్లేగు టీకా చరిత్రలో ఒక ఘట్టము)

టీకామందు సీసాను ఎప్పుడైనను చేతికి తీసికొని చూచినచో దానిపై ఒక సంఖ్య ముద్రింపబడి యుండును. ఆ మందు ఎప్పుడు, ఏ విడతలో తయారైనదో ఆ సంఖ్యను బట్టి తెలిసికొనవచ్చును. సామాన్యముగా దానిని ఎవ్వరును చదువరు. కాని 1902వ సంవత్సరమున పంజాబులోని ఒక గ్రామమునందు వాడిన ఒక సీసా సంఖ్య అయిదు సంవత్సరముల పాటు ఇటు భారతదేశమునను అటు ఇంగ్లండునను చర్చకు కారణమయ్యెను. ఆ సంఖ్య 53-ఎన్. ఆ సీసాలోని మందును సూదితో ఎక్కించుకొన్న 19 మందియు మరణించిరి.

ఆ మందు ప్లేగు రాకుండ కాపాడునట్టిది. దానిని కనిపెట్టినవాడు వాల్డెమార్ హాఫ్‌కిన్. ఆ 19 మంది మరణమునకు అతని మందే కారణమా, లేక మరేదైనను కారణమా? ఒక శాస్త్రజ్ఞుని గౌరవమే గాక, కోట్లకొలది ప్రజల నమ్మకము గూడ ఈ ప్రశ్నకు వచ్చు సమాధానముపై ఆధారపడి యుండెను.

ఒడెస్సా నుండి కలకత్తాకు

హాఫ్‌కిన్ 1860లో రష్యా సామ్రాజ్యమునందు ఒక యూదు కుటుంబమున జన్మించెను. ఒడెస్సా విశ్వవిద్యాలయమున మెచ్నికాఫ్ వద్ద జంతుశాస్త్రము నభ్యసించెను. రక్తములోని తెల్లకణములు రోగక్రిములను మ్రింగివేయునని నిరూపించినవాడు ఈ మెచ్నికాఫే. శిష్యుడు ప్రతిభావంతుడే, కాని యూదుడగుటచే ఆచార్యపదవి లభించు మార్గము లేకపోయెను. మతము మార్చుకొన్నచో ఆ అడ్డంకి తొలగెడిది. అందుకు అతడు సమ్మతింపలేదు. 1888లో దేశము విడిచి జెనీవాకును, మరుసటి సంవత్సరము పారిస్‌లోని పాశ్చర్ సంస్థకును పోయెను. అప్పుడచ్చట అతనికి దొరికినది గ్రంథాలయములో ఒక చిన్న ఉద్యోగము మాత్రమే. పుస్తకముల పని ముగిసిన పిమ్మట ప్రయోగశాలలో కూర్చుండి కలరా క్రిములపై పరిశోధన సాగించెను.

1892 జూలై 18వ తేదీన హాఫ్‌కిన్ తాను తయారు చేసిన కలరా టీకాను మొదట తన శరీరమునకే ఎక్కించుకొనెను. జ్వరము వచ్చి తగ్గెను, ప్రమాదమేమియు సంభవింపలేదు. కాని టీకా ప్రమాదకరము కాదని తెలిసికొనుట వేరు, అది రోగమును ఆపునని తెలిసికొనుట వేరు. రెండవ విషయము తేలవలెనన్నచో కలరా నిజముగా వ్యాపించుచున్న చోటికి పోవలెను. అందుచే 1893లో అతడు కలకత్తా చేరెను.

కలకత్తాలోని కట్టల్ బాగాన్ అను బస్తీలో రెండు చెరువుల చుట్టును సుమారు 200 మంది పేదలు నివసించుచుండిరి. 1894 వసంతమున అచ్చట కలరా తలయెత్తెను. వారిలో 116 మంది టీకా వేయించుకొనిరి, మిగిలినవారు వేయించుకొనలేదు. తరువాతి దినములలో ఆ బస్తీలో పదిమందికి వ్యాధి సోకగా ఏడుగురు మరణించిరి. ఆ పదిమందియు టీకా వేయించుకొననివారే. అందరును అవే చెరువుల నీరు వాడినవారు, అదే మురికిలో మెలగినవారు. వారి మధ్య ముఖ్యముగా కనిపించిన తేడా టీకా ఒక్కటియే. ఒకే పరిస్థితులలో నున్నవారిని రెండు భాగములుగా పరిశీలించి లెక్క తీయవలెనను సూత్రమును హాఫ్‌కిన్ ఆ తరువాత ఎన్నడును విడువలేదు.

బొంబాయిలో మహామారి

1896 సెప్టెంబరులో బొంబాయి రేవునకు సమీపముననున్న మాండ్వీ పేటలో వింతజ్వరముతో జనులు మరణింపజొచ్చిరి. గజ్జలలోను చంకలలోను గడ్డలు లేచుట, తీవ్రమైన జ్వరము, కొలది దినములలో మరణము—ఇవి దాని లక్షణములు. అది ప్లేగు అని డాక్టర్ అకాసియో వియేగాస్ గుర్తించి ప్రకటించెను. అంతకు రెండేండ్ల క్రిందటనే, 1894లో, హాంగ్‌కాంగ్‌లో ఎర్సిన్ అను శాస్త్రజ్ఞుడు ప్లేగు క్రిమిని కనుగొని యుండెను. శత్రువెవరో తెలిసినది గాని, అది మనుష్యులను ఎట్లు చేరుచున్నదో నిశ్చయముగా తెలియలేదు. వ్యాధి సోకిన ఎలుకలపైనుండు గోమారులు దానిని మోసికొనివచ్చునని సైమండ్ అను ఫ్రెంచి వైద్యుడు కరాచీలో 1898లో గాని కనుగొనలేదు. ఆతని మాటను లోకము అంగీకరించుటకు మరికొన్ని ఏండ్లు పట్టెను.

అప్పటివరకు ప్రభుత్వము చీకటిలో కత్తి త్రిప్పినట్లే ప్రవర్తించెను. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టము వచ్చెను. సైనికులు ఇండ్లలో జొరబడి సోదాలు చేసిరి, రోగులను బలవంతముగా ఆసుపత్రులకు తరలించిరి, సామానులు తగులబెట్టిరి. ప్రజలు రోగమునకెంత భయపడిరో ఈ చర్యలకును అంత భయపడిరి. రోగులను ఇండ్లలో దాచిపెట్టిరి. పూనాలో ఆగ్రహము మిన్నుముట్టి, 1897 జూన్ 22వ తేదీన ప్లేగు అధికారి ర్యాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపిరి. ఆ గాయములతో అతడు మరణించెను. ప్రజల విశ్వాసము లేనిదే ఏ రక్షణోపాయమును ఫలింపదని ఈ సంఘటనలు తెలియజేయుచున్నవి.

నేతిబొట్ల క్రింద పెరిగిన క్రిములు

హాఫ్‌కిన్ 1896 అక్టోబరు 7వ తేదీన బొంబాయి చేరెను. గ్రాంట్ వైద్య కళాశాలలో ఒక గదియు, ఒక నడవయు అతని ప్రయోగశాల. ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు అతని సిబ్బంది. ఈ పరికరములతో మూడు మాసములలో అతడు ప్లేగు టీకాను తయారు చేసెను.

ఆ పద్ధతి సులభముగా అర్థమగునట్టిది. టీకాకు క్రిములు విస్తారముగా కావలెను. వాటిని పెంచుటకు మాంసరసము వాడుదురు. ఆవుమాంసము హిందువులకును, పందిమాంసము ముస్లిములకును నిషిద్ధము గనుక హాఫ్‌కిన్ మేకమాంసపు రసమును ఎంచుకొనెను. గాజుకూజాలలో ఆ రసమును పోసి, పైన కొంచెము నెయ్యి వేసెను. నేతిబొట్లు తేలుచుండగా వాటి అడుగుననుండి ప్లేగు క్రిములు ఊడలవలె రసములోనికి వ్రేలాడుచు పెరిగెను. కూజాను కదిపినచో ఆ ఊడలు తెగి అడుగునకు దిగును. పైన మరల క్రొత్త ఊడలు మొలచును. ఇట్లు కొన్ని వారములు గడచిన పిమ్మట రసము క్రిములతో చిక్కబడును. అప్పుడు దానిని సుమారు 65 నుండి 70 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద ఒక గంటసేపు కాచి క్రిములను చంపి, చెడిపోకుండుటకై కొంచెము కార్బాలిక్ ఆమ్లమును కలుపుదురు.

చచ్చిన క్రిములు రోగమును కలిగింపజాలవు. కాని శరీరము వాటిని శత్రువులుగానే గుర్తించి, వాటి నెదుర్కొను ప్రతిరక్షకములను సిద్ధము చేసికొనును. తరువాత బ్రతికియున్న క్రిములు ప్రవేశించినను, సిద్ధముగానున్న సైన్యము వాటిని అడ్డగించును. టీకాలోని రహస్యమిదియే.

1897 జనవరి 10వ తేదీన హాఫ్‌కిన్ తన టీకాను తానే ఎక్కించుకొనెను. ఇతరులకు ఉద్దేశించిన మోతాదు కంటె చాల హెచ్చుగా, పది ఘన సెంటీమీటర్లు తీసికొనెను. జ్వరము, నొప్పి కలిగి కొలది దినములలో తగ్గిపోయెను.

లెక్కలు పలికిన సాక్ష్యము

అదే మాసాంతమున బొంబాయిలోని బైకుల్లా కారాగృహములో ప్లేగు ప్రవేశించెను. జనవరి 30వ తేదీన ఖైదీలలో ఇష్టపడి ముందుకు వచ్చిన సుమారు సగము మందికి టీకా వేసిరి. అటుపిమ్మట టీకా పొందనివారిలో 12 మందికి వ్యాధి సోకి ఆరుగురు మరణించిరి. టీకా పొందినవారిలో ఇద్దరికి మాత్రమే వ్యాధి సోకెను, వారును కోలుకొనిరి.

ఇంతకంటె చక్కని పరీక్ష 1898 ఫిబ్రవరిలో బరోడా సమీపమునందలి ఉంధేరా గ్రామమున జరిగెను. గ్రామస్థులను కుటుంబముల వారీగా పిలిచి, ప్రతి కుటుంబములోను సుమారు సగము మందికి టీకా వేసిరి. వయస్సులోను ఆరోగ్యములోను రెండు భాగములవారును సరితూగునట్లు జాగ్రత్తపడిరి. తరువాత 28 కుటుంబములలో ప్లేగు ప్రవేశించెను. ఆ కుటుంబములలో టీకా పొందనివారు 64 మంది. వారిలో 27 మందికి వ్యాధి సోకి 26 మంది మరణించిరి. టీకా పొందినవారు 71 మంది. వారిలో 8 మందికి వ్యాధి సోకి ముగ్గురు మరణించిరి. అనగా టీకా లేనివారిలో నూటికి సుమారు 41 మంది పోగా, టీకా గలవారిలో నూటికి నలుగురు పోయిరి. విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూచుకొనవచ్చును. ఈ టీకా అందరిని కాపాడలేదు. కాని ఎక్కువమందిని కాపాడినది. హాఫ్‌కిన్ ఏనాడును ఇంతకు మించి చెప్పుకొనలేదు.

బొంబాయిలోని ఖోజాల మతగురువు ఆగాఖాన్ ఈ విషయమును గ్రహించి, టీకాను గురించి ప్రబలిన వదంతులను పోగొట్టుటకై తన అనుయాయుల ఎదుట తానే టీకా వేయించుకొనెను. ప్రయోగశాలకు తన భవనమొకటి ఇచ్చెను. 1899లో ఆ ప్రయోగశాల పరేలులోని పాత గవర్నరు భవనమునకు మారెను. ఒక గదిలో ఆరంభమైన పని ఇప్పుడు దేశమంతటికిని మందు పంపు స్థితికి వచ్చెను.

19 మంది

1902 నాటికి ప్లేగు పంజాబును పట్టి పీడించుచుండెను. అచ్చటి ప్రభుత్వము విస్తారముగా టీకాలు వేయుటకు పూనుకొనెను. లక్షలకొలది మోతాదులు కావలసి వచ్చెను. త్వరగా తయారు చేయుటకై పరేలులో పద్ధతిని కొంత మార్చిరి. క్రొత్త పద్ధతిలో కార్బాలిక్ ఆమ్లమును కలుపుట మాని, వేడిమిపైననే ఆధారపడిరి.

అక్టోబరు 30వ తేదీన పంజాబులోని మల్కోవాల్ గ్రామమున 107 మందికి టీకాలు వేసిరి. వారము గడచిన తరువాత వారిలో కొందరికి దవడలు బిగిసికొనిపోయి, శరీరము విల్లువలె వంగజొచ్చెను. అది ప్లేగు కాదు, ధనుర్వాతము. మొత్తము 19 మందికి ఆ రోగము వచ్చెను. ఒక్కరును బ్రతుకలేదు. ఆ 19 మందియు 53-ఎన్ అను ఒకే సీసానుండి మందు పొందినవారు. అదేదినమున ఇతర సీసాలనుండి మందు పొందిన 88 మందికి ఏ అపాయమును కలుగలేదు.

ప్లేగునుండి రక్షణ కలుగునని నమ్మి చేయి చాపిన పల్లెవాసులు వారు. ఆ ఇండ్లవారికి జరిగిన నష్టమును ఏ విచారణయు తీర్చజాలదు. పంజాబులో టీకా కార్యక్రమమునకు పెద్ద దెబ్బ తగిలెను. టీకాకు జంకి వెనుదీసిన గ్రామములలో ప్లేగు మాత్రము వెనుదీయలేదు.

తప్పు ఎచ్చట జరిగినది?

ప్రభుత్వము విచారణసంఘము నొకదానిని నియమించెను. బొంబాయి ప్రధానన్యాయమూర్తి సర్ లారెన్స్ జెంకిన్స్ అందులో ముఖ్యుడు. సీసాలో మిగిలిన మందును పరీక్షింపగా ధనుర్వాత విషము కనిపించెను. సీసాను తెరువకముందే, అనగా పరేలులోనే, అందు ధనుర్వాత క్రిములు చేరియుండవలెనని సంఘము అభిప్రాయపడెను. కార్బాలిక్ ఆమ్లమును మానుట పెద్ద తప్పుగా కనబడెను. హాఫ్‌కిన్‌ను పనినుండి తొలగించి ఉంచిరి. అతడు ఇంగ్లండునకు పోయి తన నిర్దోషిత్వమును నిరూపించుకొనుటకు ప్రయత్నించుచు కాలము గడపవలసి వచ్చెను.

విచారణకు సంబంధించిన పత్రములు ప్రకటింపబడిన తరువాత ఇతర శాస్త్రజ్ఞులు వాటిని శ్రద్ధగా చదివిరి. అందు ఒక చిన్న సంగతి కనబడెను. మల్కోవాల్‌లో ఆ సీసా మూత తీయుచుండగా సహాయకుని చేతినుండి శ్రావణము నేలపై పడెను. అతడు దానిని తీసి, కార్బాలిక్ ద్రవములో ఒకసారి ఆడించి, దానితోనే మూతను లాగెను. పనిముట్లను మంటలో కాల్చవలెనన్నది నియమము. ఆ నియమము పాటింపబడలేదు.

ఈ సంగతి ఎంత ముఖ్యమైనదో తెలియవలెనన్నచో ధనుర్వాత క్రిమి స్వభావమును తెలిసికొనవలెను. ఈ క్రిమి మట్టిలోను, పశువుల పేడలోను ఉండును. గాలి తగులని చోటనే పెరుగును. పరిస్థితులు అనుకూలింపనపుడు గట్టి కవచముగల బీజరూపమును దాల్చి ఏండ్లతరబడి నిలిచియుండును. పలుచని కార్బాలిక్ ద్రవములో క్షణకాలము ముంచినంత మాత్రమున ఆ బీజములు చావవు. మంట వాటిని చంపును. పల్లెలోని మట్టినేలపై పడిన శ్రావణమునకు అట్టి బీజములు అంటుట ఆశ్చర్యము కాదు.

మరియొక తర్కము గూడ ముందునకు వచ్చెను. 53-ఎన్ సీసాను పరేలులో నింపినది వాడుటకు 41 దినములకు ముందు. అప్పుడే క్రిములు చేరియుండినచో, ఆ 41 దినములలో అవి విస్తారముగా పెరిగి మందుకు దుర్గంధము కలిగించి యుండవలెను. కాని సీసా తెరచినపుడు చెడువాసన లేదని టీకా వేసిన వైద్యుడు చెప్పియుండెను. అంతేగాక విషము అప్పటికే నిండియున్నచో రోగలక్షణములు ఇంకను త్వరగా కనిపింపవలెను. వారము దినముల ఆలస్యము, క్రిములు శరీరములో చేరిన తరువాతనే పెరిగినవని సూచించుచున్నది. ఇక సీసాలో తరువాత కనబడిన విషమందురా, తెరచిన సీసాలో మిగిలిన మందునందు క్రిములు పెరుగుటకు పరీక్షనాటికి చాల వ్యవధి దొరికెను.

ఈ వాదమును గట్టిగా సమర్థించినవారిలో ముఖ్యుడు రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా పరాన్నజీవిని చూచి లోకప్రసిద్ధి పొందిన శాస్త్రజ్ఞుడితడే. భారతదేశములో పరిశోధన చేయుట ఎంత కష్టమో అతనికి స్వానుభవముచే తెలియును. 1907లో అతడు పత్రికలలో హాఫ్‌కిన్ పక్షమున వ్రాసెను. ఆ జూలైలో పదిమంది ప్రముఖ శాస్త్రజ్ఞులు సంతకములు చేసిన లేఖ లండను 'టైమ్స్' పత్రికలో వెలువడెను. సాక్ష్యమును పరిశీలింపగా ప్రయోగశాలలో తప్పు జరిగినట్లు రుజువు కాలేదని వారు వ్రాసిరి. ఆ సంవత్సరాంతమున ప్రభుత్వము హాఫ్‌కిన్‌ను మరల ఉద్యోగమునకు పిలిచెను.

అతడు తిరిగి వచ్చెను గాని, పరేలునకు గాదు. అచ్చటి పదవిలో మరియొకరు కుదురుకొనియుండిరి. కలకత్తాలో పనిచేసి, 55 ఏండ్లకు విరమించి, ఐరోపాకు వెడలిపోయెను. 1930 అక్టోబరు 26వ తేదీన స్విట్జర్లండులోని లోజాన్ నగరమున మరణించెను. అంతకు అయిదేండ్లకు ముందు, 1925లో, పరేలు ప్రయోగశాలకు హాఫ్‌కిన్ సంస్థ అని పేరు పెట్టిరి. 1897 మొదలు 1925 వరకు అచ్చటినుండి వెలువడిన ప్లేగు టీకా మోతాదులు రెండు కోట్ల అరువది లక్షలు. 1964లో భారత తపాలాశాఖ అతని చిత్రముతో ఒక బిళ్ళను వెలువరించెను.

తరువాతి కథ

ఆనాటి టీకా నేడు సామాన్యముగా వాడుకలో లేదు. ఎలుకలను, గోమారులను అదుపులో నుంచుటయు, క్రిమినాశక ఔషధములును ప్లేగు కోరలు పెరికినవి. ఈ ఔషధములలో టెట్రాసైక్లిన్ వర్గమునకు మూలపురుషుడనదగిన ఆరియోమైసిన్, భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున నడచిన అమెరికా ప్రయోగశాలలో వెలువడినది. 1994లో సూరతులో ప్లేగు భయము వ్యాపించినపుడు ప్రజలు మందుల దుకాణములకు పరుగెత్తి కొన్నది టెట్రాసైక్లిన్ మాత్రలనే.

ఐనను ప్లేగు క్రిమి నశించిపోలేదు. మడగాస్కరు, కాంగో వంటి దేశములలో అది ఇంకను అప్పుడప్పుడు తలయెత్తుచున్నది. మనుష్యుడే దానిని ఆయుధముగా వాడిన సందర్భమును కలదు: 1940లో జపాను సైన్యము చైనాలోని నింగ్బో నగరముపై ప్లేగు సోకిన గోమారులను విమానములనుండి జారవిడిచెను. జీవాయుధములను నిషేధించు అంతర్జాతీయ ఒప్పందము 1972లో సంతకములకు సిద్ధమై 1975లో అమలులోనికి వచ్చెను. రోగము ప్రకృతి తెచ్చినదైనను, మనుష్యుడు తెచ్చినదైనను, దాని నెదుర్కొను సాధనములు మాత్రము అవియే: క్రిమిని గుర్తించుట, టీకా, ఔషధము, నిజాయితీగా ఉంచిన లెక్క.

ఈ చివరిదానిని గురించియే మల్కోవాల్ చరిత్ర మనకు బోధించుచున్నది. ఉంధేరాలో రెండు భాగముల లెక్క ఉన్నందుననే టీకా పనిచేయునని తెలిసెను. మల్కోవాల్‌లో సీసాకు సంఖ్య ఉన్నందుననే 19 మంది మరణములు ఒకే సీసాకు చెందినవని తెలిసెను. మిగిలిన సీసాలు నిర్దోషములని తేలెను. సహాయకుడు నేలపై పడిన శ్రావణమును గురించి దాచక చెప్పినందుననే కారణము బయటపడెను. చెప్పినది పత్రములలో వ్రాసియుంచినందుననే అయిదేండ్ల తరువాతనైనను దానిని చదువగలిగిరి.

పాఠశాల ప్రయోగశాలలో పరీక్షనాళికపై చీటీ అంటింపమని, పట్టుకారును మంటలో కాల్చమని, వచ్చిన ఫలితమునే వ్రాయమని ఉపాధ్యాయుడు చెప్పినపుడు విద్యార్థికి అది చాదస్తముగా తోచవచ్చును. శ్రావణము నేలపై పడుట ఎవరికైనను జరుగునదే. దానిని మంటలో కాల్చుటకు పట్టు కాలము అర నిమిషమునకు మించదు.